జీతం నౌకరీ ఒకటి, పక్కన తర్జుమా పని ఒకటి: డిప్యూటీ నజీర్ అహ్మద్ జీవితం

పాత హిందీ సినిమాల్లో కోర్టు సీన్ చూసినవాళ్లకి ఒక మాట గుర్తుండే ఉంటుంది. జడ్జి గారు కాగితం ముందుకు లాక్కుని తాజీరాతే హింద్, దఫా 302 అంటూ తీర్పు చదవడం మొదలుపెడతారు. తాజీరాతే హింద్ అంటే ఇండియన్ పీనల్ కోడ్. ఇంగ్లీషులో పుట్టిన ఆ చట్టాన్ని ఉర్దూలోకి తెచ్చిన పనిలో ముఖ్యపాత్ర డిప్యూటీ నజీర్ అహ్మద్‌ది.

మన ఇళ్లల్లో ఆయన పేరు వేరే కారణంతో తెలుసు. అక్బరీ, అస్గరీ అనే అక్కచెల్లెళ్ల కథ, అదే మిరాతుల్ ఉరూస్, ఉర్దూ మీడియంలో చదివినవాళ్లు మర్చిపోలేరు. ఉర్దూలో మొదటి నవల అదేనని చాలామంది లెక్క. అయితే నవలలకన్నా ముందు, డిప్యూటీ కలెక్టర్ హోదా కన్నా ముందు, ఆయన బళ్లు తనిఖీ చేసే మామూలు ఉద్యోగి. ఆ ఉద్యోగం చేసుకుంటూనే పక్కన ఒక చిన్న తర్జుమా పని చేతికి తీసుకున్నారు. అది సాహిత్యం కాదు, మతగ్రంథం కాదు, ఇన్‌కం టాక్స్ చట్టం. ఆయన జీవితం మలుపు తిరిగింది అక్కడే.

మసీదులో చదువు

నజీర్ అహ్మద్ 1830ల్లో ఇప్పటి ఉత్తరప్రదేశ్‌లోని బిజ్నోర్ జిల్లా రేహడ్‌లో పుట్టారు. తండ్రి సాదత్ అలీ చదువు చెప్పుకునే మనిషి. కొడుక్కి మొదటి పాఠాలు, అరబీ, ఫార్సీ ఆయనే నేర్పారు. తర్వాత పెద్ద చదువు కోసం ఢిల్లీ తీసుకెళ్లి ఔరంగాబాదీ మసీదులో మౌల్వీ అబ్దుల్ ఖాలిక్ దగ్గర వదిలారు.

అప్పట్లో మసీదులో చదువుకునే పిల్లలకి హాస్టలు, మెస్సు ఉండేవి కావు. మహల్లాలో ఇంటింటికీ తిరిగి రొట్టెలు తెచ్చుకోవాలి. ఉస్తాద్ ఇంట్లో చిల్లర పనులు చేయాలి, మసాలా నూరాలి. ఆ ఇంట్లో ఒక చిన్నపిల్ల ఈ కుర్రాడితో గట్టిగా పని చేయించేదట. పెద్దయ్యాక ఆయన నిఖా అయింది ఆ అమ్మాయితోనే. పొట్టకూటికి నలుగురి గడప ఎక్కిన ఆ రోజుల్ని ఆయన పెద్ద హోదాలోకి వచ్చాక కూడా దాచుకోలేదు. శిష్యులకి నవ్వుతూ చెప్పుకునేవారు.

అక్కడి నుంచి స్కాలర్‌షిప్‌తో ఢిల్లీ కాలేజీలో సీటు దొరికింది. 1853 దాకా అక్కడే ఉన్నారు. ఆ కాలేజీ గురించి రెండు ముక్కలు చెప్పుకోవాలి. లెక్కలు, సైన్సు, చరిత్ర లాంటివి అక్కడ ఉర్దూలో చెప్పేవాళ్లు. పుస్తకాలు లేకపోతే కాలేజీ వాళ్లే ఇంగ్లీషు నుంచి తర్జుమా చేసి అచ్చు వేసేవాళ్లు. దానికోసం ఒక సొసైటీనే ఉండేది. టీచర్లు, చదువు మీద పట్టున్న విద్యార్థులు ఆ పనిలో చేయి వేసేవాళ్లు. పరాయి మాటకి ఉర్దూలో మాట దొరక్కపోతే ఏం చేయాలి, కొత్తది కట్టాలా, ఉన్నదాన్నే ఉంచేయాలా అన్న చర్చ అక్కడ రోజూ నడిచేదే. ముహమ్మద్ హుస్సేన్ ఆజాద్, జకావుల్లా లాంటివాళ్లు ఆయన తోటివాళ్లు.

విచిత్రం ఏమిటంటే ఆ కాలేజీలో ఆయన ఇంగ్లీషు మాత్రం చదవలేదు. తండ్రికి సుతరామూ ఇష్టం లేదు. కొడుకు అరబీ క్లాసులో చేరి, అరబీ సాహిత్యం, తర్కం, లెక్కలు నేర్చుకుని బయటికి వచ్చాడు.

చిన్న నౌకరీ, పెద్ద గండం

చదువయ్యాక పంజాబులో గుజరాత్ జిల్లా కుంజా అనే ఊళ్లో అరబీ టీచరుగా చేరారు. తర్వాత కాన్పూర్‌లో బళ్ల డిప్యూటీ ఇన్‌స్పెక్టర్ అయ్యారు. ఊరూరా తిరగడం, హాజరు పట్టీలు చూడడం, రిపోర్టు రాయడం, ఇదే పని. అంతలో 1857 వచ్చింది. ఆ గండం ఆయనకి ఢిల్లీలోనే ఎదురైంది. ఊరు తగలబడుతున్న రోజుల్లో ఆయన, అత్తగారి తరఫువాళ్లు కలిసి గాయపడ్డ ఒక ఆంగ్ల మహిళకి ఇంట్లో చోటిచ్చి కాపాడారు. ఢిల్లీ మళ్లీ ఇంగ్లీషువాళ్ల చేతిలోకి వెళ్లాక ముస్లిం మహల్లాలు ఎట్లా ఖాళీ అయ్యాయో చరిత్ర చదివినవాళ్లకి తెలుసు. ఆ కుటుంబం బతికి బయటపడింది. ఆయనకి మళ్లీ ఉద్యోగం దొరికింది, ఈసారి అలహాబాదులో, అదే డిప్యూటీ ఇన్‌స్పెక్టర్ పని.

ఇంగ్లీషు ఆయన నేర్చుకున్నది ఇక్కడే. పెళ్లయి, నౌకరీ చేస్తూ, బళ్ల తనిఖీల మధ్య దొరికిన టైంలో కొన్ని నెలల్లో చదివి అర్థం చేసుకునేంత సంపాదించారు. ప్రమోషన్ కోసం ఎవరో నేర్చుకోమన్నారని కాదు. కాలం ఎటు నడుస్తోందో కళ్లముందే కనబడుతోంది.

ఇన్‌కం టాక్స్ కాగితాలు

1857 తర్వాత ఇంగ్లీషు సర్కారు ఖజానా ఖాళీ. అప్పులు తీర్చడానికి లండన్ నుంచి జేమ్స్ విల్సన్ అనే ఆర్థిక నిపుణుణ్ణి పిలిపించారు. ఆయన 1860లో మన దేశంలో మొదటిసారి ఇన్‌కం టాక్స్ పెట్టించారు. ఏడాదికి 200 రూపాయల లోపు ఆదాయం ఉంటే పన్ను లేదు. 200 నుంచి 500 దాకా నూటికి 2, ఆపైన నూటికి 4. భూమి మీద వచ్చేది, వ్యాపారం మీద వచ్చేది, సర్కారు పత్రాల మీద వడ్డీ, జీతాలు పెన్షన్లు, ఇట్లా నాలుగు పద్దులు.

బీకాంలో టాక్స్ పేపరు రాసిన మాలాంటివాళ్లం 1860, జేమ్స్ విల్సన్ అని ఒక మార్కు ప్రశ్న కోసం బట్టీ పట్టినవాళ్లమే. ఆ చట్టం సామాన్యుడి దాకా ఏ భాషలో వెళ్లిందో ఏ గైడులోనూ ఉండదు.

ఉత్తర ప్రాంతంలో కచేరీల భాష ఉర్దూ. తహసీల్దారు, పేష్కారు, దుకాణదారు, జమీందారు ఎవరూ ఇంగ్లీషు చట్టం చదవలేరు. కొత్త పన్ను, అందునా ఎప్పుడూ వినని పన్ను. ఎంత కట్టాలో, దేనిమీద కట్టాలో, ఎవరికి మినహాయింపో తెలియకపోతే వసూలు చేసేవాడి ఇష్టారాజ్యం అయిపోతుంది. ఊరికే 2 అనాల్సిన చోట 4 అన్నా అడిగే దిక్కు ఉండదు. కాబట్టి ఉర్దూ ప్రతి కావాలి, అదీ తొందరగా కావాలి.

ఆ పని నజీర్ అహ్మద్ దగ్గరికి వచ్చింది. ఆ రోజుల్లో పైస్థాయిలో ఉన్న విలియం మ్యూర్‌కి అరబీ, ఉర్దూ బాగా తెలుసు. ఏ తర్జుమా గట్టిదో, ఏది పైపైనదో పట్టగల మనిషి. ఇన్‌స్పెక్టరు నౌకరీ ఎక్కడికీ పోలేదు, తనిఖీలు ఆగలేదు. దానికి తోడు ఈ పని. ఈనాటి లెక్కలో అచ్చంగా ఫ్రీలాన్స్ అనలేం, ఎందుకంటే ఇచ్చింది సర్కారే. కానీ స్వభావం అదే. తన శాఖది కాని పని, గడువున్న పని, అయిపోతే చేతులు దులుపుకోగల పని.

ఆయన చేతులు దులుపుకోలేదు. చట్టం భాషలో ఒక్కో వాక్యం అరపేజీ ఉంటుంది. అందులో అయితే, తప్ప, లోబడి లాంటి మాటలు ఎక్కడ పడితే అర్థం అక్కడ తిరిగిపోతుంది. అరబీ తర్కం చదివిన బుర్రకి అది కొత్త కాదు. ఫిఖ్‌హ్ గ్రంథాల్లోనూ షరతు, మినహాయింపు, నిర్వచనం ఇట్లాగే ఉంటాయి. మసీదు చాప మీద నేర్చిన చదువు సర్కారు పన్ను చట్టంలో అక్కరకొచ్చింది. తర్జుమా పైవాళ్లకి నచ్చింది.

ఒక్క మాట తప్పితే ఉరికంబం

దాని వెంటనే అసలు పని వచ్చింది. మెకాలే 1837లోనే ముసాయిదా రాసి పెట్టిన పీనల్ కోడ్ 1860 అక్టోబరులో చట్టమైంది. మొత్తం 511 సెక్షన్లు. 1862 జనవరి 1 నుంచి అమలు. అంటే ఆ తారీఖు లోపల పోలీసు, వకీలు, కచేరీ మున్షీ అందరి చేతిలో ఉర్దూ ప్రతి ఉండాలి. విద్యాశాఖ పెద్ద రీడ్ అజమాయిషీలో తర్జుమా మొదలైంది. మౌల్వీ అజ్మతుల్లా, మౌల్వీ కరీం బఖ్ష్ ఆ పనిలో ఉన్నారు. నజీర్ అహ్మద్ కూడా చేరారు. కాబట్టి అది ఆయన ఒక్కరి కష్టం కాదు. కానీ చివరికి ఆ భాష మీద పడ్డ ముద్ర ఎక్కువగా ఆయనదే అని ఉర్దూ పండితులు ఒప్పుకుంటారు.

ఈ పని ఎంత సున్నితమో ఒక ఉదాహరణ చూడండి. మనిషి ప్రాణం తీయడంలో చట్టం రెండు రకాలు చెప్పింది. ఒకటి శిక్షార్హమైన నరహత్య, రెండోది హత్య. రెండింట్లోనూ మనిషి చస్తాడు. తేడా చంపినవాడి ఉద్దేశంలో, అతనికి తెలిసినదాంట్లో ఉంది. మొదటిదానికి ఉర్దూలో ఖత్లే ఇన్సాన్ ముస్తల్జిమే సజా అన్నారు, రెండోదానికి ఖత్లే అమ్ద్ అన్నారు. రెండూ కలిపి ఊరికే ఖత్ల్ అని రాసేసి ఉంటే? ఇంగ్లీషు రాని కచేరీలో జైలుకి పోవాల్సినవాడు ఉరికంబం ఎక్కేవాడు. తర్జుమా చేసేవాడి చేతిలో ఎదుటివాడి మెడ ఉంటుంది అనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

మరికొన్ని మాటలు చూద్దాం. నమ్మి అప్పగించిన సొమ్ము కాజేస్తే ఖియానతే ముజ్రిమానా. అమానత్, ఖియానత్ అనే జంట మాటలు జుమా ఖుత్బాలో మనం వినేవే. అమానత్ అప్పగిస్తే కాపాడాలి, ఖియానత్ చేస్తే గునాహ్. ఆ జనం మాట తీసుకుని పక్కన ముజ్రిమానా అని చేర్చారు. దాంతో అల్లాహ్ దగ్గర జవాబు చెప్పాల్సిన పాపం, కోర్టులో జవాబు చెప్పాల్సిన నేరం వేరుపడ్డాయి. పరువునష్టానికి ఇజాలా హైసియతే ఉర్ఫీ అన్నారు. నలుగురిలో ఒక మనిషికి ఉన్న స్థాయిని తీసేయడం అని దాని అర్థం. పలకడానికి బరువే. కానీ నేరం ఏమిటో మాటలోనే ఉంది. అన్యాయంగా బంధిస్తే హబ్సే బేజా, హక్కు లేని చోట చొరబడితే ముదాఖలతే బేజా, బెదిరించి గుంజుకుంటే ఇస్తెహ్సాల్ బిల్ జబ్ర్. బేజా అంటే తగని అని ఇంట్లో పిల్లలకి కూడా తెలుసు. అట్లా తెలిసిన మాటని తెలియని మాట పక్కన నిలబెట్టడం ఆ తర్జుమాలో కనిపించే పద్ధతి.

మన దేశంలో ఆ పాత చట్టం స్థానంలో 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత వచ్చింది. పాకిస్తాన్‌లో మాత్రం పేరులో హింద్ పోయి పాకిస్తాన్ చేరింది గానీ, ఆ ఉర్దూ మాటలు ఇప్పటికీ కచేరీలో నడుస్తున్నాయి. నూట అరవై ఏళ్లు దాటిపోయింది.

చిన్న పని తెచ్చిన పెద్ద నౌకరీ

ఈ తర్జుమా చూసి సర్కారు ఆయన్ని బళ్ల శాఖ నుంచి రెవెన్యూలోకి మార్చింది. 1861లో తహసీల్దారు, 1863లో డిప్యూటీ కలెక్టర్. డిప్యూటీ అన్న మాట ఆయన పేరుకి అంటుకుంది అప్పుడే. ఆ రోజుల్లో ఒక దేశీయుడికి అది పెద్ద కుర్సీ. మసీదులో రొట్టెలు పోగేసిన కుర్రాడు ఒక జిల్లా వ్యవహారాలు చూసే స్థాయికి చేరాడు.

పక్కపని చేసే అలవాటు మాత్రం పోలేదు. పగలు కచేరీ, రాత్రి రాత. కూతుళ్లకి, కొడుక్కి చదవడానికి సరైన పుస్తకాలు లేవని ఇంట్లో వాళ్లకోసం కొద్దికొద్దిగా కథలు రాసి ఇచ్చేవారు. టూరుకి వచ్చిన విద్యాశాఖ డైరెక్టర్ కెంప్సన్ కంట్లో అవి పడ్డాయి. అట్లా 1869లో మిరాతుల్ ఉరూస్ బయటికి వచ్చింది. సర్కారు 1,000 రూపాయల ఇనాం ఇచ్చి, 2,000 ప్రతులు కొన్నది. అప్పటికి లెఫ్టినెంట్ గవర్నర్ అయిన మ్యూర్ తన తరఫున ఒక గడియారం ఇచ్చారు. తర్వాత బనాతున్ నాష్, తౌబతున్ నసూహ్ వచ్చాయి. తౌబతున్ నసూహ్‌ని కెంప్సన్ ఇంగ్లీషులోకి తర్జుమా చేశారు. ఇంగ్లీషు చట్టాన్ని ఉర్దూ చేసినవాడి పుస్తకం ఇప్పుడు ఇంగ్లీషులోకి వెళ్లింది.

ఆ నవలల్లో ఆడవాళ్ల మాటలు, తిట్లు, సామెతలు, లెక్కలు చాలా సహజంగా ఉంటాయి. అస్గరీ ఇంటి ఖర్చు లెక్క చూసే తీరు చదివితే రాసినవాడికి పద్దు పుస్తకం తెలుసని అర్థమవుతుంది.

హైదరాబాద్ రోజులు

1877లో మన హైదరాబాద్ నుంచి పిలుపు వచ్చింది. దివాన్ మొదటి సాలార్‌జంగ్ రాజ్యం పాలనని కొత్తగా దిద్దుతున్న కాలం అది. ఉత్తరాది నుంచి చదువుకున్న వాళ్లని పిలిపిస్తున్నారు. మొహ్సినుల్ ముల్క్, వికారుల్ ముల్క్, చిరాగ్ అలీ ఆ వరుసలో వచ్చినవాళ్లే. నజీర్ అహ్మద్‌కి రెవెన్యూ బందోబస్తు పని, తర్వాత ఇంకా పెద్ద హోదాలు ఇచ్చారు.

ఇక్కడ ఊళ్లలో రైతు మాట్లాడేది తెలుగు. పైన దఫ్తర్లో నడిచేది ఫార్సీ. మధ్యలో ఉన్న అధికారి ఒకరి మాట ఒకరికి చేర్చేవాడి మీద ఆధారపడాలి. నజీర్ అహ్మద్ అట్లా కూర్చోలేదు. తెలుగు నేర్చుకున్నారు. అప్పటికి ఆయన వయసు నలభై దాటింది. అదే హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తూనే కొన్ని నెలల్లో ఖుర్ఆన్ మొత్తం హిఫ్జ్ చేశారు. ఇది చిన్న విషయం కాదు, హాఫిజులని అడిగితే చెప్తారు.

1883లో సాలార్‌జంగ్ చనిపోయారు. దర్బారులో గాలి మారింది. ఆయన కొద్ది కాలంలోనే నౌకరీ వదిలి పెన్షన్ తీసుకుని ఢిల్లీ వెళ్లిపోయారు. కొడుకు బషీరుద్దీన్ అహ్మద్ మాత్రం నిజాం కొలువులో పనిచేసి, తర్వాత చరిత్రకారుడిగా పేరు తెచ్చుకున్నారు.

చివరి తర్జుమా

ఢిల్లీలో ఆయన జీవితంలో అన్నిటికన్నా పెద్ద తర్జుమాకి కూర్చున్నారు. ఖుర్ఆన్‌ని ఉర్దూలోకి తెచ్చారు. 1890ల మధ్యలో అది అచ్చయింది. పన్ను చట్టం కొద్ది రోజుల పని, ఇది బతుకంతా నేర్చిన దాని పంట. ఢిల్లీ ఇళ్లల్లో మాట్లాడే నుడికారంతో రాశారు. జనానికి బాగా అర్థమైంది, బాగా చెల్లింది. కొందరు ఉలమా మాత్రం ఇంటి మాటల నుడికారం అల్లాహ్ కలామ్‌కి తగదని అభ్యంతరం చెప్పారు. 1908లో ఉమ్మహాతుల్ ఉమ్మా అనే పుస్తకంలో ఆ నుడికారమే ఇంకా పెద్ద గొడవ తెచ్చింది. గౌరవనీయుల గురించి రాసేటప్పుడు ఆ భాష చాలామంది మనసు నొప్పించింది, ప్రతులు కాల్చేశారు. నవలలో మెచ్చుకున్న మాటే మరోచోట తప్పైంది. ఏ పనికి ఏ భాష అన్న ప్రశ్న ఆయన్ని చివరిదాకా వదల్లేదు.

ఆయన ఇంట్లో అరబీ పాఠం చెప్పించుకున్న మీర్జా ఫర్హతుల్లా బేగ్ ఆ రోజుల గురించి ఉర్దూలో చక్కటి రేఖాచిత్రం రాశారు. ఆ బేగ్ కూడా తర్వాత హైదరాబాద్ కొలువులోకే వచ్చారు. డబ్బు విషయంలో మౌల్వీ సాహెబ్ ఎంత జాగ్రత్త మనిషో, వ్యాపారం పెట్టుకునే ముస్లిం కుర్రాళ్లకి పెట్టుబడి ఎట్లా ఇచ్చేవారో, అందులో కొంత ఎట్లా మునిగిపోయిందో అందులో తెలుస్తుంది. సర్కారు ఆయనకి షంసుల్ ఉలమా బిరుదు ఇచ్చింది. 1902లో ఎడిన్‌బరో యూనివర్సిటీ ఎల్‌ఎల్‌డీ ఇచ్చింది. 1912లో ఢిల్లీలో కన్నుమూశారు. ఆ తర్వాత ఐదేళ్లకి హైదరాబాద్‌లో ఉస్మానియా కోసం దారుల్ తర్జుమా పెట్టారు. తర్జుమా చేసేవాళ్లకి నెల జీతం ఇచ్చే దఫ్తర్ అది.

ఇప్పుడు మన దగ్గర ఉర్దూ, తెలుగు, ఇంగ్లీషు మూడూ వచ్చిన అమ్మాయిలు, అబ్బాయిలు చాలామంది ఉన్నారు. స్కూల్లోనో ఆఫీసులోనో పనిచేస్తూ సాయంత్రాలు తర్జుమా చేస్తుంటారు. నికాహ్‌నామా, పాత భూమి కాగితం, ఆస్పత్రి రిపోర్టు, ఏదో కంపెనీ కరపత్రం. పేజీకి ఇంత అని వస్తుంది, చాలాసార్లు తక్కువే వస్తుంది. రేటు గట్టిగా అడగాలి, అది హక్కు. కానీ ఆ కాగితం పట్టుకుని ఎవరో ఒకరు వీసా కౌంటర్ ముందో, తహసీల్ ఆఫీసులోనో నిలబడతారు. పేరులో ఒక అక్షరం, తారీఖులో ఒక అంకె తేడా వస్తే ఆ మనిషి పని ఆగిపోతుంది. నజీర్ అహ్మద్‌కి పన్ను చట్టం కాగితాలు చేతికొచ్చినప్పుడు అవి తనని డిప్యూటీని చేస్తాయని తెలియదు. చదివే దుకాణదారుకి తను కట్టాల్సింది 2 రూపాయలో 4 రూపాయలో తెలియాలి, ఆ పని వరకు ఆయన సరిగ్గా చేశారు.